మోదుగురేకు మచ్చ

శోణనది రేవులో పొద్దు బారెడెక్కింది. అవతలి ఒడ్డుకు పోవలసిన పుట్టి ఇంకా రాలేదు. ఇసుకలో గాజుల మలారం దించుకుని ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకతె ముసలిది. రెండో ఆమె పడుచు. పడుచు ఒడిలో ఒక పసివాడు నిద్రపోతుంటే, ముసలామె వేపమండతో ఈగలు తోలుతోంది. ఆ పసివాడి కుడిచెంప మీది దిష్టిచుక్క చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. చుక్క అంటే చుక్కలా ఉండాలి గాని, కంటికొస నుంచి దవడ దాకా కాటుక పట్టించేస్తే దాన్ని ఏమనాలి?

పడుచు మాత్రం నవ్వే స్థితిలో లేదు. ఎందుకంటే ఆమె గాజులమ్మి కాదు. శోణగిరి మహారాణి కువలయదేవి. ముసలామె, ఆమెను చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన దాది ఓబులమ్మ. ఒడిలో నిద్రపోతున్నవాడు శోణగిరి సింహాసనానికి వారసుడు. వాడికి ఇంకా పేరు లేదు. చిట్టిరాజు అని పిలుచుకుంటున్నారు.

శోణగిరిలో ఒక ఆచారం ఉంది. వారసుడు పుడితే, అన్నప్రాశన నాడు కోట బురుజు మీద, నట్టెండలో, జనమందరి ఎదుట ఆవుపాలతో స్నానం చేయించి, బిడ్డను ఎత్తి చూపిస్తారు. దాన్ని ముఖదర్శనం అంటారు. ఆ తర్వాతే పేరు పెడతారు. ముఖాన మచ్చ ఉన్నవాడు సింహాసనం ఎక్కరాదని ఎప్పటివాడో ఒక ముత్తాత శాసనం చేసి, తాను హాయిగా స్వర్గానికి పోయాడు. ఆయన పోయాడు, శాసనం పోలేదు. రేపే ముఖదర్శనం. కాటుక ఎంత దట్టంగా పట్టించినా పాలధారకు ఎంతసేపు ఆగుతుంది?

కాటుక కింద ఉన్నది పుట్టుమచ్చ. మోదుగుపువ్వు రేకు ఒకటి చెంపకు అతుక్కుపోయినట్టు ఎర్రగా ఉంటుంది. అది తన వల్లే వచ్చిందని రాణి నమ్మకం. కడుపుతో ఉండగా వసంతోత్సవంలో భర్త ధవళకేతు మహారాజు దోసిటితో మోదుగునీళ్ళు ఆమె చెంపన చల్లాడు. ఆమె పకపకా నవ్వింది. చెయ్యి చెంపకు చేర్చి తుడుచుకుంది. సరిగ్గా అప్పుడే సూర్యగ్రహణం పట్టింది. గ్రహణానికి ఇంకా ఘడియ ఉందని చెప్పిన ఆస్థాన జ్యోతిష్కుడు తర్వాత చాలా సేపు గడ్డం గోక్కున్నాడు. ఆ తర్వాత రాజు ఉత్తరపు సరిహద్దుకు యుద్ధానికి పోయాడు. ఇంతవరకూ కొడుకు ముఖం చూడలేదు. మచ్చ సంగతి ఆయనకు కబురు చేయడానికి రాణికి నోరు రాలేదు.

పుట్టింది మొదలు ఆమెకు ఆ మచ్చను చూసుకోవడమే పని అయింది. పెరిగిందా, తగ్గిందా? నిద్రలో అది లేత గులాబీ రంగుకు దిగుతుంది. పాలు తాగేటప్పుడు కాస్త ముదురుతుంది. బిడ్డ ఏడ్చాడా, భగ్గుమని కాటుకలోంచి కూడా ఎర్రగా తేలుతుంది. అందుకే అంతఃపురంలో చిట్టిరాజును ఏడవనిచ్చిన వాళ్ళు లేరు. మూతి విరిస్తే చాలు, గిలక్కాయలతో పదిమంది పరుగెత్తుకొస్తారు.

నదికి అవతల నల్లకొండల్లో నీలిబిలం ఉందనీ, అందులో ధూమ్రజటుడనే మాంత్రికుడు చెయ్యి వేస్తే ఎలాంటి మచ్చయినా రాలిపోతుందనీ విన్నాక, రాణి ఇక ఆగలేదు. మారువేషం వేసి, తెల్లవారుతూనే కోట దాటింది.

ఇసుకలో గిట్టల చప్పుడు వినిపించింది. రాణి తలెత్తి చూసింది. రాజుగారి సవతితమ్ముడు, దండనాయకుడు గండభీముడి రౌతులు! రాణివాసంలో ఊయల ఖాళీగా ఉందన్న సంగతి అప్పుడే బయటికి పొక్కిందన్నమాట.

ముందు దిగినవాడు ఎర్రపోతు అనే భటుడు. మనిషి కంటే మీసాలు పెద్దవి.

"ఏయ్ ముసలీ, ఏ ఊరు మీది?"

"గాజులోళ్ళకు ఊరేంది నాయనా? గాజులు తొడిగించుకునే చెయ్యి ఏడుంటే అదే మా ఊరు. నీ ఇంటిదాని చెయ్యి ఎంత లావో చెప్పు, మంచి పచ్చగాజులు తీస్తా."

"ఆ పిల్లెవరు?"

"నా కోడలు. పని రాదు, మాట వినదు. వండితే ఉప్పుండదు, ఉప్పేస్తే ఉడకదు." ఓబులమ్మ గొంతులో కాస్త సంబరం కూడా ఉంది. మహారాణిని తిట్టే భాగ్యం రోజూ దొరుకుతుందా?

ఎర్రపోతు వంగి పసివాడిని చూశాడు. "ఏందిది? మొహమంతా కాటుకే!"

"దిష్టి నాయనా. ముద్దొచ్చే పిల్లోడు గదా."

"ఇంత దిష్టి ఎవరికీ తగల్దు. యువరాజు ముఖాన ఏదో ఉందని దండనాయకుల వారికి అనుమానం. ఏ పసిపిల్ల మొహమైనా సరే, తుడిచి చూడమన్నారు."

అతడు భుజాన ఉన్న తువ్వాలు నదిలో ముంచి చెంప మీద రుద్దాడు. ఆ ముతక గుడ్డ తగిలేసరికి చిట్టిరాజు ఉలిక్కిపడి లేచి, కోటలో ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా కలిపి ఏడ్చినట్టు గుక్కపట్టాడు. చెదిరిన కాటుకలోంచి మచ్చ నిప్పులా పైకి తేలింది.

ఓబులమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని రేవంతా వినబడేట్టు కేక వేసింది.

"ఎంత పని చేశావు నాయనా! అమ్మవారు పోసిన బిడ్డ! ఎర్రగా ఉబికింది కానరాలా? ఈ వేపమండ ఎందుకు పట్టుకున్నామనుకున్నావు? తల్లి ఒంటిమీద తడిగుడ్డ ఏస్తావా? ఇంటికాడ నీకు పిల్లలు లేరా?"

ఎర్రపోతు చేతిలోంచి తువ్వాలు జారిపోయింది. మీసాలు వేలాడిపోయాయి. వెనుక రౌతులు నాలుగడుగులు వెనక్కి జరిగారు.

"తప్పయింది తల్లీ, తప్పయింది! తెలవక చేశా!" అంటూ అతడు రెండు చెంపలూ వాయించుకున్నాడు. అంతటితో ఆగక, పుట్టి రాగానే మిగతావాళ్ళెవరినీ ఎక్కనివ్వకుండా తానే దగ్గరుండి వీళ్ళను సాగనంపాడు.

నది నడుమకు వచ్చాక ఓబులమ్మ కొంగు అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. రాణికి నవ్వు రాలేదు. ప్రాణం దక్కింది నిజమే. కానీ తన బిడ్డ ముఖం చూసి జనం చేతులు జోడించి దూరం జరిగిపోయారే! ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆమె కాటుక డబ్బా తీసి మళ్ళీ దట్టంగా పట్టించింది.

అవతలి ఒడ్డు దాటగానే నల్లకొండలు మొదలయ్యాయి. ఆ కొండల నడుమ అద్దాల లోయ! రెండు వైపులా నింగిని అంటే నల్లరాతి గోడలు. ఏ గంధర్వుడు సానపట్టాడో, వాటి మీద గీత లేదు, గరుకు లేదు. కొనల్లో పూసిన తెల్లని తీగెపూలు రాతిలో ప్రతిఫలించి, పాతాళంలో కూడా వెన్నెల కాస్తున్నట్టు తోచేది. నెమలి ఒకటి పురివిప్పితే నూరు నెమళ్ళు ఆడేవి. సెలయేళ్ళు పైనుంచి దూకుతుంటే, కిందినుంచి పైకి దూకుతున్న సెలయేళ్ళు వాటికి ఎదురొచ్చేవి. ఇంత సొగసైన చోట దారి పొడుగునా మనుషుల ఎముకలెందుకు ఉన్నాయో రెండడుగులు వేసేదాకా రాణికి తెలియలేదు.

రాతిలో ఆమెకు ఆమె ముఖం కనబడలేదు. శోణగిరి బురుజు కనబడింది. పాలధార పడుతోంది. కాటుక కారిపోతోంది. కింద వేలాది జనం ఒక్కసారిగా ఇస్సురన్నారు. తల్లులు తమ పిల్లల కళ్ళు మూస్తున్నారు. యుద్ధం నుంచి వచ్చిన ధవళకేతు కొడుకును ఎత్తుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ రాయి గుణమే అంత. ఎవరు దేనికి ఎక్కువ భయపడతారో దాన్నే చూపిస్తుంది. చూసినవాళ్ళు చూస్తూ ఉండిపోతారు, మాంసం కరిగి ఎముకలు మిగిలేదాకా. రాణి కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. మోకాళ్ళ దాకా చల్లదనం పాకింది.

"ఏంది తల్లీ, నిలబడిపోతివి?" అని ఓబులమ్మ చెయ్యి పట్టి లాగింది. ఆమెకు చూపు ఆనదు కాబట్టి రాయి ఆమెనేమీ చేయలేకపోయింది. కానీ ఎంత లాగినా రాణి కదలలేదు.

అప్పుడు చిట్టిరాజు చంకలోంచి రాతివైపు వంగాడు. వాడికి భయమంటే ఏమిటో ఇంకా ఎవరూ నేర్పలేదు. అందుకని రాయి వాడికి వాడినే చూపించింది. ఎదురుగా ఇంకో పసివాడు! ఒక చెంప తెల్లగా, తల్లి భుజానికి ఒరుసుకుని కాటుక చెరిగిన రెండో చెంప ఎర్రగా! చిట్టిరాజుకు ఎక్కడలేని ముచ్చటేసింది. "ఆఁ" అని అరిచి, చెయ్యి చాచి, రాతిలోని ఆ ఎర్ర చెంప మీద టపటపా కొట్టాడు. ముందుకు వాలి చొంగతో ముద్దు కూడా పెట్టాడు. బోసినోటితో వాడు నవ్విన నవ్వుకు లోయంతా కిలకిలమంది.

రాణి ఉలిక్కిపడి రాతిని వదిలి బిడ్డవైపు చూసింది. అంతే, కాళ్ళు ఊడివచ్చాయి. లోయ దాటేదాకా ఆమె కళ్ళు బిడ్డ ముఖం మీది నుంచి కదలలేదు.

నీలిబిలం లోపల నీలికాంతి తప్ప దీపం లేదు. ధూమ్రజటుడు పొగరంగు జడలు విరబోసుకుని పులితోలు మీద కూర్చున్నాడు. అతడి ముఖం మాత్రం గీసిన సొరకాయలా నున్నగా ఉంది.

"రా తల్లీ. మహారాణులు గాజులు అమ్ముతారని ఇవాళే తెలిసింది" అన్నాడు. "బిడ్డను ఈ రాతి మీద పడుకోబెట్టు. రెప్పపాటులో మచ్చ రాలిపోతుంది. ప్రతిఫలం ఏమీ వద్దు. రాలిన మచ్చ నాకిచ్చిపో, చాలు."

రాలిన మచ్చతో ఇతడికేం పని? రాణి తలెత్తి గోడలు చూసింది. గోడల నిండా మచ్చలే! అప్పడాలు ఎండబెట్టినట్టు వరుసలు వరుసలుగా అంటించి ఉన్నాయి. నల్లవి, గోధుమరంగువి, తేనెరంగువి. ఒకటి కూడా మెరవడం లేదు.

ఒక స్త్రీ కుండతో నీళ్ళు తెచ్చి పెట్టింది. ఆమె ముఖం కూడా నున్నగా, చూసిన వెంటనే మరచిపోయేలా ఉంది. ఓబులమ్మకు మాట కలపకపోతే తోచదు.

"ఏ ఊరమ్మా మీది? పేరేంది?"

"తెలియదవ్వా. ముక్కు మీద పెద్ద మచ్చ ఉండేదంట. ఎగతాళి పడలేక తీయించుకున్నా. మా వాళ్ళు వచ్చారు. నా ముఖంలోకి చూసి, మా పిల్ల కాదని వెళ్ళిపోయారు. నన్ను నేను కూడా గుర్తుపట్టలేదు. ఇంకేం చేస్తా, ఇక్కడే నీళ్ళు మోస్తున్నా."

మచ్చతో పాటు ఈ మాయావి తీసుకుంటున్నదేమిటో రాణికి తెలిసిపోయింది. ఆమె బిడ్డను గుండెకు అదుముకుని లేచింది.

"మచ్చ తీయవద్దు. మేము వెళతాం."

"వెళతావా?" ధూమ్రజటుడి గొంతు మారింది. "ఈ గోడకు రాజవంశపు మచ్చ ఒక్కటే కొరత. అది నా చేతికొస్తే, నీ కొడుకును శోణగిరిలో ఎవరూ గుర్తుపట్టరు. నేను చూపించిన వాడే అక్కడ రాజు. చేతిదాకా వచ్చిన దాన్ని వదులుకోమంటావా?"

అతడు మంత్రదండంతో నేల కొట్టాడు. రాణి చేతులు ఖాళీ అయిపోయాయి. గుహ నడుమ ఏడు రాతి తొట్లు మొలిచాయి. ఏడింటిలోనూ ఏడుగురు చిట్టిరాజులు, కాళ్ళు ఆడిస్తూ, బోసినవ్వులు నవ్వుతూ!

"నీ బిడ్డను నువ్వే ఏరుకో. సరిగ్గా ఏరితే నా మంత్రం నన్నే కొడుతుంది. తప్పితే బిడ్డ నా వాడు. ఇదిగో, ఈ ప్రమిద వెలిగిస్తున్నా, ఇందులో నూనె అయిపోయేదాకా గడువు."

రాణి తొట్టి తొట్టికీ పరుగెత్తింది. అవే కళ్ళు, అదే ముక్కు, అదే చెదిరిన కాటుక, దాని కింద అదే మోదుగురేకు. "చిట్టిరాజా!" అంటే ఏడుగురూ తల తిప్పారు. ఓబులమ్మ జోల పాడితే ఏడుగురూ కేరింతలు కొట్టారు. ఒకడిని ఎత్తుకుంటే పాలవాసన వచ్చింది. రెండోవాడినీ ఎత్తుకుంది. పాలవాసనే! ప్రమిదలో వత్తి చిటపటలాడింది. రాణికి ఏడుపు ముంచుకొచ్చింది. తన బిడ్డను తాను గుర్తుపట్టలేకపోతోందే!

ఏడుపు! ఆమెకు చటుక్కున తట్టింది. ఏడుగురూ నవ్వుతున్నారు. ఏడుగురి మచ్చలూ ఒకే రంగులో ఉన్నాయి. మచ్చ నవ్వుకు ఎలా ఉంటుందో ఈ మాయావికి తెలుసు. గోడ మీద ఎండిన మచ్చలు ఎలా ఉంటాయో తెలుసు. బిడ్డ ఏడిస్తే ఏమవుతుందో తెలుసా? పుట్టింది మొదలు కంటి మీద కునుకు లేకుండా చూసుకున్న తల్లికి తప్ప అది ఎవరికి తెలుస్తుంది?

ఆమె గాజుల మలారం రెండు చేతులా తలపైకి ఎత్తింది.

"వద్దు తల్లీ!" ఓబులమ్మ అడ్డం వచ్చింది. "అయ్యగారు యుద్ధంలో ఉండారు! ముత్తయిదువ్వి, చేతులారా గాజులు పగలగొట్టమాకు!"

రాణి చేతులు గాలిలో ఒక్క క్షణం ఆగాయి. కళ్ళ ముందు భర్త మెదిలాడు. వత్తి కొండెక్కబోతోంది. ఆమె పళ్ళు బిగబట్టి మలారాన్ని రాతినేల మీద విసిరికొట్టింది.

వందలాది గాజులు ఒక్కసారి భళ్ళుమన్నాయి. గుహ ఆ చప్పుడును పదిరెట్లు చేసింది. ఏడుగురు పసివాళ్ళూ ఉలిక్కిపడి, మూతులు విరిచి, ఒక్క గొంతుతో గుక్కపట్టారు. ఆరుగురి చెంపల మీద మచ్చ ఉన్నది ఉన్నట్టే, గోడకు వేసిన రంగులా ఉండిపోయింది. చివరి నుంచి రెండో తొట్టిలో మాత్రం భగ్గుమంది! కాటుక చీల్చుకుని, చెంపంతా అడవిమోదుగు పూసినట్టు ఎర్రబారింది.

"వీడే నా బిడ్డ!" అంటూ రాణి వాడిని లాక్కుని మచ్చ మీద ముద్దు పెట్టుకుంది. ఇన్నాళ్ళలో ఆ చోట ఆమె ముద్దు పెట్టుకోవడం అదే మొదలు. కాటుక చెరుగుతుందని ఎప్పుడూ ఎడమచెంపే ముద్దాడేది.

మిగతా ఆరుగురూ పిండిబొమ్మలై కూలిపోయారు. గోడల మీది మచ్చలు గువ్వల్లా లేచాయి. ఒక పెద్ద నల్లమచ్చ నీళ్ళ కుండ స్త్రీ ముక్కు మీద వాలింది. "నేను పుల్లక్కను! మాది చింతలరేవు!" అని ఆమె కేకపెట్టి, కుండ పారేసి పరుగెత్తింది. సొంతదారులు చచ్చిపోయిన మచ్చలన్నీ మాంత్రికుడి నున్నటి ముఖం మీద పడ్డాయి. కళ్ళు కూడా కనబడకుండా కప్పేశాయి. అతడు ముఖం పీక్కుంటూ వేసిన పెడబొబ్బకు గుహ పైకప్పు పగుళ్ళిచ్చింది. ఓబులమ్మ ఆ వయసులో అంత జోరుగా పరుగెత్తగలదని ఆమెకే తెలియదు. ముగ్గురూ పుల్లక్క వెంట పక్క సొరంగంలోంచి లోయకు ఇవతల, నదివైపు బయటపడ్డారో లేదో, వెనుక బిలం కూలి మూసుకుపోయింది.

బయట ఎండ కళ్ళు జిగేలుమనిపించింది. కళ్ళు చికిలించి చూస్తే ఎదురుగా గుర్రాలు. నడుమ నల్లగుర్రం మీద గండభీముడు.

"దండాలు వదినగారూ. వేషం బాగుంది. రేవులో నావాళ్ళు మోసపోయారు గాని, అమ్మవారు పోసిన బిడ్డను ఎత్తుకుని మంత్రగాడి కొండకు పోయే తల్లి ఉంటుందా అని నాకు అనుమానం వచ్చింది."

ఓబులమ్మ గబుక్కున కాటుక డబ్బా తీసింది. చిట్టిరాజు ఇంకా ఏడుస్తున్నాడు. మచ్చ ఎండలో ధగధగలాడుతోంది. అది చూడగానే ఎర్రపోతు గుర్రం దిగి మోకాళ్ళ మీద పడ్డాడు.

"దొరా, దగ్గరికి పోవద్దు! అమ్మవారే! సూడండి, ఎట్లా ఎర్రబడిందో!"

రౌతులు గుసగుసలాడుతూ గుర్రాలను వెనక్కి తీశారు. నదివైపు దారి తెరుచుకుంది. నోరు మెదపకుండా నడిచిపోతే చాలు, ఒక్కడూ అడ్డురాడు. ఓబులమ్మ రాణి మోచేయి గిల్లింది. పద తల్లీ, పద!

రాణి కదలలేదు. కాటుక డబ్బాను నెట్టేసింది. కొంగుతో బిడ్డ చెంప శుభ్రంగా తుడిచింది.

"అమ్మవారు కాదు నాయనా, లే" అంది ఎర్రపోతుతో. "రోగం కాదు. ఎవరికీ అంటుకోదు. పుట్టుమచ్చ. నా బిడ్డ ముఖం ఇంతే."

గండభీముడు విరగబడి నవ్వాడు. "మచ్చ మాయం చేసుకుని వస్తారేమో, ఇక్కడే కత్తికి పని చెప్పాలని వచ్చాను. మీరే ఒప్పుకున్నాక కత్తి ఎందుకు? రేపు బురుజు మీద నేనే స్వయంగా ఎత్తి చూపిస్తాను."

"నువ్వెవరివి చూపించడానికి? పాలు పోసేది నేను. ఎత్తేది నేను. గుర్రం ఇవ్వు."

ఎర్రపోతు ఎవరి ఆజ్ఞ కోసమూ చూడకుండా తన గుర్రం కళ్ళెం ఆమె చేతికిచ్చాడు. రాణి ఎక్కి, బిడ్డను లోకానికి ఎదురుగా, ముందుకు తిప్పి కూర్చోబెట్టుకుంది. వాడు ఏడుపు మాని ఎర్రపోతు మీసాల వంక ఆశగా చూస్తున్నాడు.

అప్పుడు నది అవతల కోటలో భేరి మోగింది. ఢమ్‌, ఢమ్‌, ఢమ్‌! గండభీముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అది విజయభేరి. రాజు యుద్ధం గెలిచి కోట గుమ్మం తొక్కినప్పుడు తప్ప మోగదు.

"గాజులు పగిలినా అయ్యగారు చల్లగా వచ్చారు తల్లీ!" ఓబులమ్మ బావురుమంది.

రాణి గుండె ఒకసారి పొంగి, వెంటనే దడదడలాడింది. రేపటి జనం మాట తర్వాత. ఈ ముఖాన్ని ముందుగా చూడబోయేది ఆయనే! అద్దాల లోయలో వెనక్కి తీసుకున్న ఆ చెయ్యి మళ్ళీ కళ్ళ ముందు కదిలింది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే కొంగు అందుకుని, బిడ్డ చెంప దాకా పోయింది.

అక్కడ ఆగింది. కొంగు వదిలేసి, కోటవైపు గుర్రాన్ని అదిలించింది.